ఇరవై తొమ్మిది: గాలి బరువు, అణువు ఆకారం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. సరే, జ్ఞాపకాలు భోజనాల దగ్గర చెప్పుకుందాం. ముప్పై ఏళ్లకు పైగా రసాయన కర్మాగారాల్లో భద్రతా విభాగంలో ఉన్నాను. ఆ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన అంకె ఒకటుంది. దాన్ని మీకు అప్పజెప్పి వెళ్తాను. అది 29.

గాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్, ఒక శాతానికి కాస్త తక్కువ ఆర్గాన్. నత్రజని పరమాణువు భారం 14, అణువులో రెండుంటాయి కాబట్టి 28. ఆక్సిజన్ పరమాణువు 16, అణువు 32. ఆర్గాన్ జత కట్టదు, ఒంటరిగానే ఉంటుంది, 40. ఈ మూడింటినీ వాటి వాటాల ప్రకారం కలిపి సగటు తీస్తే దాదాపు 29 వస్తుంది. అదే గాలి సగటు అణుభారం.

ఇది తెలిస్తే ఏమవుతుంది? అవొగాడ్రో 1811లో ఒక మాట చెప్పాడు. ఒకే వేడిమిలో, ఒకే పీడనంలో ఉన్న రెండు వాయువులను సమానమైన డబ్బాల్లో పోస్తే, రెండింటిలోనూ అణువుల సంఖ్య సమానమే అని. అంటే ఒక వాయువు గాలికంటే బరువా తేలికా అని తెలుసుకోవడానికి త్రాసు అక్కర్లేదు. దాని ఫార్ములా చూసి అణుభారం కూడి, 29 పక్కన పెడితే చాలు. ఆ మాటను లోకం ఒప్పుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది. డాల్టన్ అంతటివాడు నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ ఉంటాయనుకున్నాడు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో రసాయన శాస్త్రజ్ఞులంతా సమావేశమైనప్పుడు కానిజారో అవొగాడ్రో లెక్కను మళ్లీ ముందుకు తెచ్చాడు. ఆ తర్వాతే హెచ్‌టూఓ నిలబడింది. కాబట్టి పిల్లలూ, ఫార్ములాలు ఒకపట్టాన తలకెక్కడం లేదని బెంగ పెట్టుకోకండి. డాల్టన్‌కే ఎక్కలేదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి రండి. గ్యాస్ సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్‌లో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు: 36, 8, మొత్తం 44. బ్యూటేన్ 58. రెండూ 29 కంటే బాగా ఎక్కువ. గొట్టం దగ్గర లీకైతే గ్యాస్ పైకి పోదు, గచ్చు మీద నీళ్లలా పాకుతుంది. స్టవ్ గట్టు కింద, గడప దగ్గర, మెట్ల కింద నిలుస్తుంది. పైన వెంటిలేటర్ తెరిచి ఉంది కదా అని నిబ్బరంగా ఉండకూడదు, తలుపు బార్లా తీయాలి. స్విచ్ వేయకూడదు, తీయకూడదు, రెగ్యులేటర్ మాత్రం కట్టేయాలి. అదే పట్నాల్లో పైపు ద్వారా వచ్చే గ్యాస్ మీథేన్. దాని అణుభారం 16, అది పైకప్పు కింద చేరుతుంది. ఇంట్లో లీక్ అలారం పెట్టించుకునేవాళ్లు సిలిండర్ వాడితే నేలకు దగ్గరగా, పైపు గ్యాస్ వాడితే కప్పుకు దగ్గరగా బిగించుకోవాలి. ఒక కర్మాగారంలో అమ్మోనియా డిటెక్టర్లు మోకాలెత్తున బిగించి ఉండడం చూశాను. అమ్మోనియా 17, పైకి పోయే వాయువు. ఇంత కింద ఎందుకు పెట్టారని అడిగితే, "తుడవడానికి నిచ్చెన అక్కర్లేదు సార్" అన్నారు.

1997 సెప్టెంబరు 14, ఆదివారం. తెల్లవారిన కాసేపటికి విశాఖపట్నంలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ దగ్గర పేలుడు. ఓడ నుంచి ఎల్‌పీజీ దించుకుంటున్నప్పుడు లీకైన గ్యాస్ మబ్బులా నేలను పట్టుకుని పరుచుకుంది, నిప్పు తగిలింది. యాభైకి పైగా ప్రాణాలు పోయాయి. మన ఊళ్ల నుంచి అప్పట్లో విశాఖలో పనులకు వెళ్లినవాళ్లు చాలామంది, వాళ్లకు ఆ పొగ గుర్తుండే ఉంటుంది. 44, 58 అనే అంకెలు వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రోజే.

రెండోది మీ అందరికీ తెలిసిందే. 2020 మే 7, తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. పన్నెండు మంది పోయారు, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. స్టైరీన్‌లో కార్బన్లు ఎనిమిది, హైడ్రోజన్లు ఎనిమిది. 96, 8, మొత్తం 104. గాలికంటే మూడున్నర రెట్లు బరువు. ఆ రాత్రి పెద్దగా గాలి లేని వేళ, నిద్రలో ఉన్న ఊరి మీదికి అది పొగమంచులా దిగింది.

అయితే బరువు చెప్పేది అది ఎక్కడికి పోతుందన్నంతవరకే. అసలు ఎందుకు బయటికొచ్చిందో చెప్పాలంటే స్టైరీన్ ఆకారం చూడాలి. ఆరు కార్బన్ల ఉంగరం ఒకటి, దానికి రెండు కార్బన్ల తోక. ఆ తోకలో రెండు కార్బన్లూ రెండేసి చేతులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ద్విబంధం అంటాం. ఆ రెండింటిలో ఒక చెయ్యి సులువుగా జారుతుంది. జారిన చెయ్యి పక్క అణువును పట్టుకుంటుంది, అది ఇంకో దాన్ని. అలా వేల అణువులు గొలుసు కడితే అదే పాలీస్టైరీన్, థర్మకోల్ ప్లాస్టిక్. గొలుసు కట్టిన ప్రతిసారీ కొంచెం వేడి పుడుతుంది. వేడి పెరిగితే గొలుసు మరింత వేగంగా కడుతుంది. అందుకే నిల్వ ఉంచేటప్పుడు చల్లగా ఉంచుతారు, గొలుసు కట్టనివ్వని మందు ఒకటి కలుపుతారు. ఆ మందు పని చేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కూడా కరిగి ఉండాలి. లాక్‌డౌన్‌లో కర్మాగారం ఆగింది, ట్యాంకులో సరుకు అలాగే ఉండిపోయింది. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ జూలైలో ఇచ్చిన నివేదికలో తేల్చినవి ఇవే: ట్యాంకు పైభాగంలో వేడి కొలిచే ఏర్పాటు లేదు, మందు చాలినంత లేదు, చల్లబరిచే యంత్రాలు రాత్రిపూట నడవలేదు. స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ట్యాంకులో వేడి అది కూడా దాటింది. ఒక ద్విబంధం కథ అది. ఆగి ఉన్న కర్మాగారమంటే ఏమీ జరగని కర్మాగారం అనుకుంటారు చాలామంది, చదువుకున్నవాళ్లు కూడా. అణువులకు లాక్‌డౌన్ ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే 29 మీద మీకు అతినమ్మకం వస్తుంది. ఒకసారి గాలిలో బాగా కలిసిపోయిన వాయువు మళ్లీ విడిపోయి అడుగున పేరుకోదు. అలా పేరుకునేదయితే 32 ఉన్న ఆక్సిజన్ అంతా కిందా, 28 ఉన్న నత్రజని అంతా పైనా చేరి ఉండాలి కదా. బరువు పని చేసేది లీకైన చోట, చిక్కగా ఉన్నప్పుడు, గాలి కదలని తావుల్లో. చలి కూడా లెక్కలోకి వస్తుంది. ద్రవంగా నిల్వ చేసిన అమ్మోనియా ఒక్కసారిగా బయటపడితే, 17 అయినా సరే, చల్లని తెల్లటి పొగలా కొంతసేపు నేలనే పట్టుకుంటుంది. అందుకే అంకె చూసి దిక్కు ఊహించండి గానీ, ఏ ప్రమాదంలోనైనా గాలి వీచే దారికి అడ్డంగా నడిచి బయటపడడం ముఖ్యం.

ఇక ఆకారం సంగతి. నీరు హెచ్‌టూఓ, బరువు 18. మురుగు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ హెచ్‌టూఎస్, బరువు 34. రెండూ ఒక కుటుంబం పిల్లలే, రెండూ మధ్యలో వంగి ఉంటాయి. తేలికైనది ముందు ఆవిరి కావాలి కదా? కానీ నీరు 100 డిగ్రీల దాకా మరగదు. హెచ్‌టూఎస్ సున్నాకు 60 డిగ్రీల కిందే మరిగిపోతుంది. ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే గుణం ఎక్కువ. దాంతో నీటి అణువు ఒక పక్క కాస్త రుణం, రెండో పక్క కాస్త ధనం. ఒక అణువు హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్‌ను అంటుకుంటుంది. గంధకానికి ఆ లాగుడు తక్కువ. నీటి అణువు సుమారు 104.5 డిగ్రీల కోణంలో వంగకుండా కార్బన్ డయాక్సైడ్‌లా కర్రలా సాఫీగా ఉండి ఉంటే, రెండు పక్కల లాగుడూ ఒకదానికొకటి సరిపోయి ఈ గుణం చాలావరకు పోయేది. శారదా నదిలో నీళ్లుండడానికి కారణం ఒక కోణం అంటే నమ్మబుద్ధి కాదు.

ఆకారం గురించి మన చోడవరం, అనకాపల్లి వైపు రైతులకు నేను కొత్తగా చెప్పేదేముంది. చెరకు కొట్టి గానుగకు తోలడం ఆలస్యమైతే బెల్లం దిమ్మ గట్టిపడదు, చెమ్మ పట్టి కారుతుంది. జరిగేదేమిటంటే, చక్కెర అణువు ఒక నీటి అణువును కలుపుకుని రెండుగా విరుగుతుంది, ఒకటి గ్లూకోజ్, ఒకటి ఫ్రక్టోజ్. రెండింటి ఫార్ములా ఒకటే: ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. బరువు కూడా ఒకటే, 180. తేడా ఏమిటంటే, కార్బన్, ఆక్సిజన్ రెండు చేతులతో పట్టుకున్న చోటు ఒక దానిలో గొలుసు చివర ఉంటుంది, రెండో దానిలో ఒక మెట్టు లోపల. అంతమాత్రానికే ఫ్రక్టోజ్ తియ్యదనం ఎక్కువ, చెమ్మ పీల్చే గుణమూ ఎక్కువ. రసం పులవకుండా పెనంలో సున్నం వేసే మన పెద్దలకు ఫార్ములా తెలియదు, పని తెలుసు.

ఈ ఆకారాలు ఎలా తెలిశాయని పిల్లలు అడగాలి. కంటికి కనిపించని దాని వంపు ఎవరు కొలిచారు? ఇక్కడ మన జిల్లా గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఫలితం వెలువడింది. కాంతి ఒక అణువుకు తగిలి చెదిరినప్పుడు అందులో కొంత తన రంగు మార్చుకుంటుంది. అణువు ఎలా ఊగుతుందో ఆ మార్పులో రాసి ఉంటుంది. ఆ రోజుల్లో రామన్ దగ్గర చేరిన కుర్రవాడు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం. తర్వాత 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పారు. చెదిరిన కాంతిని చూసి అణువు ఆకారం చదివే విద్య ఆయనది. 1948లో టి. వెంకటరాయుడితో కలిసి రాసిన గ్రూపుల సిద్ధాంతం పుస్తకాన్ని విశ్వవిద్యాలయమే వాల్తేరు నుంచి అచ్చు వేసింది. ఒక ఆకారాన్ని తిప్పితే, అద్దంలో చూస్తే మళ్లీ అలాగే కనిపిస్తుందా అనే లెక్క అది. ఆ లెక్కను అణువుల ఊగులాటకు ఎలా వాడాలో నేర్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. మన బస్సు వెళ్లే దారిలోనే అది పుట్టింది.

ఆ లెక్క చిన్న ఉదాహరణలో చూడండి. కార్బన్ డయాక్సైడ్ మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్. సరిగ్గా గీతలో ఉంటే దానికి నడిమి బిందువు చుట్టూ సమత ఉంటుంది. అలాంటి అణువులో రామన్ కాంతిలో కనిపించే ఊపు పరారుణ కిరణాల్లో కనిపించకూడదు, అక్కడ కనిపించేది ఇక్కడ కనిపించకూడదు అని లెక్క చెబుతుంది. కొలిచి చూస్తే అలాగే ఉంది. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి దూరం జరిగి దగ్గరయ్యే ఊపు రామన్‌లోనే కనిపిస్తుంది. వంగే ఊపు, ఒకటి దగ్గరై ఒకటి దూరమయ్యే ఊపు పరారుణంలోనే కనిపిస్తాయి. నీటికి అలా కాదు, దాని మూడు ఊపులూ రెండు చోట్లా కనిపిస్తాయి. అంటే వంగి ఉంది. ఎవరూ అణువును పట్టుకుని చూడలేదు, అది ఊగే తీరును బట్టి పట్టేశారు.

ఇది నా ఉద్యోగంలోకి ఎలా వచ్చిందంటే, కర్మాగారాల్లో వాడే చాలా గ్యాస్ డిటెక్టర్లు పరారుణ కిరణాలతో పని చేస్తాయి. నత్రజని, ఆక్సిజన్ అణువుల్లో రెండు వైపులా ఒకే పరమాణువు, అవి ఊగినా పరారుణానికి పట్టవు. అందుకే మామూలు గాలి ఆ యంత్రానికి ఖాళీగా కనిపిస్తుంది. అందులో ప్రొపేన్ గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ వస్తే వెంటనే పట్టేస్తుంది. వాల్తేరులో సుద్దముక్కతో రాసిన లెక్కకూ, గేటు దగ్గర మోగే సైరన్‌కూ మధ్య ఉన్న దారి అదే.

బరువు ఒక్కటే చూస్తే మోసపోయే చోటు మరొకటుంది. నత్రజని అణువు 28. కార్బన్ మోనాక్సైడ్ కూడా 12, 16 కలిపి 28. రెండింటిలోనూ ఎలక్ట్రాన్లు పద్నాలుగే, రెండింటిలోనూ త్రిబంధమే. కవలల్లాంటివి. నత్రజనిని ప్రతి శ్వాసలోనూ పీలుస్తున్నాం, ఏమీ కాదు. కార్బన్ మోనాక్సైడ్‌లో ఒక కొస కార్బన్, ఒక కొస ఆక్సిజన్. ఆ కార్బన్ కొస మన నెత్తురులోని ఇనుమును పట్టుకుంటుంది, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా. రంగు లేదు, వాసన లేదు. 28కీ 29కీ తేడా లేదు కాబట్టి పైకీ పోదు, కిందకీ పోదు, గదంతా నిండుతుంది. చలికాలంలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం, మూసిన గదిలో జనరేటర్ నడపడం, ఈ రెండూ అందుకే ప్రాణాంతకం.

చివరికి నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న చోటికి వస్తున్నాను. అది కర్మాగారం కాదు, నుయ్యి. సెప్టిక్ ట్యాంకు.

పాత నూతిలో మోటారు బాగు చేయడానికి ఒకరు దిగుతారు, పడిపోతారు. పైనున్న తమ్ముడో, బావమరిదో ఆగలేక దిగుతాడు. తర్వాత ఇంకొకడు. ఇలాంటి వార్త లేని ఏడాది నాకు గుర్తులేదు. ఆకులు కుళ్లిన చోట ఆక్సిజన్ ఖర్చయి కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, 44. గాలి ఆడదు, అడుగునే ఉంటుంది. సెప్టిక్ ట్యాంకులో దానికి హెచ్‌టూఎస్ తోడవుతుంది, 34. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు. పది లక్షల పాళ్లలో ఒక వంద దాటితే ముక్కులోని వాసన నాడి మొద్దుబారుతుంది. కంపు తగ్గింది, ఇక పర్వాలేదు అనుకున్న క్షణమే అసలు ప్రమాదం. అయిదు వందలు దాటితే నిమిషాల్లోనే మనిషి కూలిపోతాడు. పారిశుద్ధ్య పనివారిని రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా దింపుతూనే ఉన్నారు, డబ్బులిచ్చేవాళ్లు మనలాంటివాళ్లే.

మన పెద్దలు దీపం దించి చూసేవారు, ఆరితే దిగేవారు కాదు. వేపకొమ్మలు కట్టి దించి ఊపేవారు, అడుగు గాలి కదిలేది. రెండూ మంచి బుద్ధులే. కానీ దీపం చెప్పేది ఆక్సిజన్ బాగా తగ్గిందని మాత్రమే. హెచ్‌టూఎస్, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసేంత ఉన్నా దీపం హాయిగా వెలుగుతుంది. మీథేన్ ఉన్న సెప్టిక్ ట్యాంకులోకి దీపం దించితే పేలుతుంది. కాబట్టి నూతికైనా ట్యాంకుకైనా దీపం పరీక్ష ఇక వద్దు.

మా బ్యాచ్ వాళ్లం ఈ సందర్భంగా బడికి ఒక మీటరు తెచ్చాం. అరచేతిలో పట్టేంతే ఉంటుంది. ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, నాలుగూ చూపిస్తుంది. తాడు కట్టి పై నుంచి అడుగు దాకా మెల్లగా దించాలి, అలారం మోగితే ఎవరూ దిగకూడదు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే మోగుతుంది. అది కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలవదు, ఆక్సిజన్ తగ్గడాన్ని బట్టి అనుమానించాల్సిందే. అందుకని అంకె 20.9 కాకుండా కాస్త తగ్గి ఉన్నా బ్లోయరుతో గాలి కొట్టాలి. మోగకపోయినా, దిగేవాడి నడుముకు తాడు, పైన ఇద్దరు ఉండాలి. దిగినవాడు పడిపోతే తాడుతో లాగాలి, వెనక ఇంకొకరు దిగకూడదు.

మీటరులో సెన్సర్లు రెండు మూడేళ్లకు అయిపోతాయి, మార్చాలి. అప్పుడప్పుడు పరీక్ష గ్యాస్ పెట్టి సరి చూడాలి. పాడైన మీటరు, మీటరు లేకపోవడం కంటే అన్యాయం. ఆ ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. సైన్సు మాస్టారు ఏటా తొమ్మిదీ పదీ తరగతుల పిల్లలకు దాన్ని వాడడం నేర్పుతామన్నారు, వారికి కృతజ్ఞతలు. చుట్టుపక్కల ఏ ఊరివాళ్లు అడిగినా, రాత్రయినా, ఆదివారమైనా ఇవ్వాలని మా కోరిక. అంటే ల్యాబు బీరువాలో పెట్టి తాళం వేస్తే కుదరదు. ఎవరి ఇంట్లో ఉంచాలో, ఫోన్ నంబరు పంచాయతీ గోడ మీద ఎవరిది రాయాలో భోజనాలయ్యాక సర్పంచ్ గారితో కలిసి కూర్చుందాం. ఎవరూ వెళ్లిపోకండి.